గాల్లో నిలబడే విమానం

మా ఏడుకొండలు బాబాయికి హిందీ వచ్చని మా ఇంటిల్లిపాదీ నమ్మిన రోజులు ఉండేవి. నమ్మక చస్తామా? బందరు రోల్డుగోల్డు గొలుసులు సంచిలో వేసుకుని రైలెక్కి నాగపూరు, రాయపూరు దాకా వెళ్ళి అమ్ముకొచ్చే మనిషి ఆయన. తిరిగొచ్చాక వారం రోజుల పాటు పిన్నిని "క్యా హై" అనీ, మజ్జిగ పోస్తుంటే "బస్ బస్" అనీ అంటుంటే మాకు అదే గొప్ప. నేను తర్వాత హిందీ చదువుకుని, హిందీ పండిట్‌నై, గుడ్లవల్లేరు దగ్గర బడిలో పిల్లల చేత లింగాలూ వచనాలూ వల్లె వేయిస్తూ జుట్టు నెరపించుకున్నాను. అయినా మా ఇంట్లో హిందీ అనగానే ఈనాటికీ గుర్తొచ్చేది బాబాయే. మొన్న ఆయనకి కంటి ఆపరేషను చేయించామని గుడివాడ నుంచి మా చెల్లెలు, అంటే బాబాయి కూతురు, ఫోను చేస్తే బస్సెక్కి చూడటానికి వెళ్ళాను. నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని మంచం మీద కూర్చున్న బాబాయి నన్ను చూసి ఎలా ఉన్నావని కూడా అడగలేదు. "ఏమే, మన ఇమానం సీరియలు ఆ ఫోన్లో దొరికిద్దా?" అన్నాడు. ఆ సీరియలు మాట మా ఇంట్లో ఎవరమూ ఎత్తక చాలా ఏళ్ళయింది.

అప్పట్లో మా ఇల్లు బందర్లో సముద్రం వైపు పోయే రోడ్డు పక్క సందులో ఉండేది. ముందు వసారా అంతా పని. నాన్న రాగి తీగెలు సాగదీసి కడియాలు చుట్టేవాడు, అమ్మ వాటిని చింతపండు పులుసులో వేసి, తర్వాత కుంకుడు నురగలో వేసి కుంచెతో తోమేది, తోమినవి రంపపు పొట్టులో పోసి ఆరబెట్టేవాళ్ళం. పూత వేసే పని వేరే చోట జరిగేది. మా ఇంటి నుంచి ఎర్రగా వెళ్ళిన గొలుసు నాలుగు రోజుల్లో పచ్చగా పెళ్ళికూతురై తిరిగొచ్చేది. ఆసిడ్ వాసన, కుంకుడు వాసన, పొయ్యి మీద వేగుతున్న ఎండు మెత్తళ్ళ వాసన కలిస్తే మా ఇంటి వాసన. బళ్ళో నా పక్కన కూర్చునే పిల్ల నా చేతులు వాసన చూసి "నువ్వు పావలా బిళ్ళలా ఉన్నావే" అనేది. నాకు కోపం వచ్చేది కాదు. ఇప్పుడెవరైనా అలా అంటే బాగుండుననిపిస్తుంది.

గొలుసు కొక్కేలు అల్లే పని మా నాంచారత్తయ్యది. నాన్నకీ బాబాయికీ అక్క. సన్నటి పట్టకారుతో రింగు తెరవడం, ఇంకో రింగు దూర్చడం, మూయడం. ఆవిడ చేతులు ఆ పని చేస్తూనే ఉండేవి, నోరు మాట్లాడుతూనే ఉండేది. మాతో ఉండటానికి వచ్చింది దివిసీమ ఉప్పెన తర్వాత. కోడూరు అవతల, ఉప్పుకయ్యల పక్కన ఉండేది ఆవిడ అత్తవారి ఊరు. మామయ్యా, వాళ్ళ చిన్నపిల్ల నాగమణీ పాక కప్పు మీద ఉన్నారట, ఈవిడ తాటిచెట్టు పట్టుకుందట. అంతకు మించి ఆ రాత్రి గురించి అత్తయ్య చెప్పేది కాదు, మేము అడిగేవాళ్ళం కాదు. ఆవిడ అలవాట్లే చెప్పేవి. బియ్యం డబ్బా ఎప్పుడూ అటక మీదే ఉండాలి. పిల్లలు పడుకున్నాక చెంబులో నీళ్ళు వంచినా చప్పుడు కాకూడదు. ఈదురుగాలి లేస్తే చాలు, తన చీర కొంగు తెచ్చి నా నడుముకి ముడివేసేది. ముడి ఎంత గట్టిదంటే మర్నాడు అమ్మ పళ్ళతో విప్పాల్సొచ్చేది. "నీ పిచ్చి నా పిల్లకి అంటిస్తున్నావు వదినా" అని అమ్మ విసుక్కునేదే గాని, ఆ కొంగు విప్పదీయమని మాత్రం ఎప్పుడూ అనలేదు.

ఆవిడ మామయ్యకి కర్మకాండ చేయించింది. నాగమణికి మాత్రం ఏమీ చేయనివ్వలేదు. ఎందుకంటే నీళ్ళు తీసిన తర్వాత, ఆవిడ ఇంకా చెట్టు దగ్గరే కూలబడి ఉన్నప్పుడు, దూరంగా కరకట్ట మీద ఒక విమానం వచ్చి నిలబడటం చూసింది. ఎగరడం కాదు, నిలబడటం. గాల్లో అలా ఆగి, కిందికి ఏదో వేలాడదీసి, మళ్ళీ వెళ్ళిపోయింది. కట్ట మీద మనుషులున్నారు. ఆ మనుషుల్లో నాగమణి ఉందనీ, ఆ విమానం దాన్ని ఎక్కించుకుపోయిందనీ అత్తయ్య నమ్మకం. బాబాయి అప్పుడు మీసాలు రాని కుర్రాడు. అక్కని వెంటేసుకుని అన్ని శిబిరాలూ తిరిగాడు, కరకట్ట మీద ఉన్నవాళ్ళనీ వెతికి పట్టుకుని అడిగొచ్చాడు. ఏం చెప్పారురా అంటే "ఏమీ తెలీలేదక్కా" అన్నాడట. అక్కడితో ఆ మాట ఆగిపోయింది. అత్తయ్య ఏటా మా ఇంట్లో తయారైన గొలుసుల్లో మంచిది ఒకటి ఏరి, గుడ్డలో చుట్టి పెట్టెలో దాచేది. "దాని పెళ్ళికి" అనేది. రోల్డుగోల్డు ఎన్నాళ్ళుంటుంది? ఏడాది తిరిగేసరికి నల్లబడేది. నల్లబడింది తీసేసి కొత్తది పెట్టేది.

అలాంటి ఇంట్లోకి ఆదివారం పొద్దుటి సీరియలు వచ్చి పడింది. ఏదో దూరదేశం వాళ్ళు తీసింది, హిందీ మాటలు అతికించి వేసేవాళ్ళు. నక్షత్రాల మధ్య యుద్ధాలు, నీళ్ళు తప్ప నేల లేని లోకాలు, తెల్లటి బట్టల్లో బిగుసుకుపోయిన మనుషులు. అందులో ఒక యుద్ధవిమానం ఉండేది. వాళ్ళు దాన్ని బాజ్, అంటే డేగ, అనేవాళ్ళు. మబ్బు రంగులో, పలచగా, రెండు పక్కలా రెక్కలు వంచుకుని ఉండేది. పొట్ట కింద గుండ్రటి మూతుల్లోంచి నీలంగా మంట చిమ్ముతూ, ఎక్కడ కావాలంటే అక్కడ గాల్లో టక్కున ఆగిపోయేది. ఆగినప్పుడు వచ్చే సన్నటి ఊఁ శబ్దానికి మా టీవీ మీద గాజుబొమ్మ వణికేది. మొదటిసారి అది ఆగడం చూసి అత్తయ్య చేతిలో పట్టకారు ఆగింది. ఆవిడ చేతులు ఊరికే ఉండటం నేను చూడటం అదే మొదలు.

"ఒరే కొండలూ! చందువా చేపలా ఉంది చూడు. నిలబడిందిరా అది!" అంది.

"నిలబడిందక్కా" అన్నాడు బాబాయి.

"ఏమంటన్నాడు లోపల కూచున్నోడు?"

లోపల కూర్చున్నవాడు పళ్ళు కొరుకుతూ శత్రువుల్ని తగలబెట్టమంటున్నాడు. బాబాయికి అది ఎంత అర్థమయిందో దేవుడికెరుక. గొంతు సవరించుకుని, "ఎవరైనా మిగిలారేమో చూడండి, ఎక్కించుకుందాం అంటన్నాడక్కా" అన్నాడు. అత్తయ్య మొహం అలా విప్పారడం చూసి మేమందరం తెర వదిలేసి ఆవిడనే చూశాం.

అంతే, ఆ రోజు నుంచి బాబాయి ఆదివారం తలంటు కూడా మానేసి వచ్చి టీవీ పక్కన పీట వేసుకునేవాడు. తెర మీదివాడు గుక్క తిప్పుకోకుండా మాట్లాడితే ఈయన "పదమంటన్నాడు" అని తేల్చేసేవాడు. వాడు ఊఁ అంటే ఈయన పెద్ద కథ చెప్పేవాడు. అప్పటికే నేను వీధి చివర హిందీ మాస్టారి దగ్గర ట్యూషన్‌కి వెళ్తూ పరీక్షలకి కట్టాను. ఇవన్నీ కోతలని నాకు తెలిసిపోయేది. అమ్మ చెవిలో "బాబాయి చెప్పేది తప్పే" అని ఊదితే, అమ్మ నా తొడ మీద గట్టిగా గిల్లి, "నోర్మూసుకుని తిన్నగా కూర్చో" అంది. బాబాయి కథలో ఆ విమానం మనుషుల్ని ఎక్కించుకుని ఒక పెద్ద ఊరికి తీసుకెళ్ళేది. అక్కడ పిల్లల్ని బళ్ళో వేసేవాళ్ళు, వేళకి అన్నం పెట్టేవాళ్ళు. ఎవర్ని ఎక్కడ ఎక్కించుకున్నారో పేర్లు కూడా రాసి పెట్టుకునేవాళ్ళు. అత్తయ్య కొక్కేలు అల్లుకుంటూ ప్రశ్నలు వేసేది. తెలుగు మాట్లాడేవాళ్ళుంటారా? పేరు చెప్పలేని పసిపిల్లలైతే ఏం చేస్తారు? బాబాయి దేనికీ తడుముకునేవాడు కాదు. ఆ కొద్ది నెలలూ అత్తయ్య రెండు పూటలా కడుపునిండా తిన్నది. పాటలు కూడా కూనిరాగం తీసేది. నాన్నకి మాత్రం ఒళ్ళు మండేది. "అక్క ముళ్ళ మీద కూర్చుంటే నువ్వు పూలమ్ముతున్నావురా" అని ఒకసారి పెరట్లో బాబాయిని కసిరాడు. బాబాయి నూతిపళ్ళెం మీద కూర్చుని కాళ్ళు కడుక్కుంటూనే ఉన్నాడు.

నాన్న భయపడ్డట్టే అయింది. ఒక శనివారం బడి నుంచి వచ్చేసరికి అత్తయ్య సంచి సర్దుకుంటోంది. రెండు చీరలు, గుడ్డలో చుట్టిన ఆ ఏటి గొలుసు, దారిలోకి అటుకులు. "ఇమానాలుండే ఊరు తీసుకెళ్ళరా కొండలూ. పేర్లు రాసుకుంటారని నువ్వే చెప్పావుగా. కరకట్ట మీద ఎక్కించుకున్నవాళ్ళ పేర్లు కూడా ఉంటయ్యిగా. అడిగొద్దాం" అంది. బాబాయి నవ్వబోయాడు, రాలేదు. "రేపటి సీరియలు చూసి ఎల్దాంలే అక్కా" అన్నాడు. ఆ పూట పిన్ని ఎంత పిలిచినా అన్నానికి లేవలేదట.

ఆ ఆదివారం బాజ్ ఒక సముద్రం మీదికి వచ్చింది. నీళ్ళ మధ్య ఒకే ఒక్క బండ, దాని మీద కొద్దిమంది మనుషులు, ఒక తల్లి చంకలో పిల్ల. విమానం వాళ్ళ నెత్తిన వచ్చి నిలబడింది. గాలికి వాళ్ళ బట్టలు ఎగిరిపోతున్నాయి. పొట్ట తలుపు తెరుచుకుని ఇనప పెట్టెలు కిందికి జారాయి. లోపలి మనిషి కిందికి వంగి ఏదో అరిచాడు. విమానం తిరిగి మబ్బుల్లోకి వెళ్ళిపోయింది, బండ మీదివాళ్ళు పైకి చూస్తూ ఉండిపోయారు. సీరియలు ఆ వారానికి అక్కడ ఆగింది.

"ఎక్కించుకోలా?" అంది అత్తయ్య.

"లేదక్కా." బాబాయి తెర వైపే చూస్తున్నాడు. "ఎవర్నీ ఎక్కించుకోలేదు. బియ్యం మూటలు పడేసి పోయింది."

"బియ్యమా?"

"బియ్యం. అటుకుల పొట్లాలు. మనుషుల్ని తీసికెళ్ళడానికి రాలేదక్కా అది. అడిగాను నేను. ఒక్కర్ని కూడా ఎక్కించుకోలేదు."

తెర మీద బియ్యం మూటలు లేవు. ఇనప పెట్టెలున్నాయి. చిన్నదాన్ని నాకే తెలిసిపోయింది, అత్తయ్యకి తెలియదా? ఆవిడ చేతిలో ఉన్న వరస పూర్తిచేసింది. పట్టకారు డబ్బాలో పెట్టి మూత వేసింది. "టీవీ కట్టెయ్యండి, కరెంటు దండగ" అని లేచి లోపలికి వెళ్ళి, సంచిలో చీరలు తీసి మళ్ళీ దండెం మీద వేసింది. నాన్న బాబాయి భుజం మీద చెయ్యి వేయబోతే, ఆయన ఆ చెయ్యి విదిలించుకుని బయటికి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం నాకు జడ వేస్తూ అత్తయ్య అడిగింది. "చివర్లో వాడేదో కల కల అని అరిచాడు, ఏందే అది? మనం కలగంటామే, ఆ కలేనా?"

"కల కాదత్తయ్యా, కల్. కల్ అంటే రేపు అని. నిన్న అన్నా కూడా అదే."

దువ్వెన ఆగింది. "నిన్నకీ రేపటికీ ఒకటే మాటా? చోద్యం! మరి ఎట్టా తెలిసిద్ది?"

"పక్క మాటల్ని బట్టి తెలుస్తుంది."

"మరి వాడు నిన్న అన్నాడా, రేపు అన్నాడా?"

నాకు తెలుసు. స్పష్టంగా విన్నాను. నోరు తెరిచేలోపు అత్తయ్య నా తల కొంచెం ముందుకి వంచి, "వద్దులే, చెప్పకు" అంది. జడ మామూలు కంటే బిగుతుగా వేసింది.

వారం తిరిగి ఆదివారం పొద్దున్నే అవనిగడ్డ బస్సెక్కి, అక్కణ్ణుంచి ఆటోలో హంసలదీవి వెళ్ళాం. కృష్ణ సముద్రంలో కలిసే చోటు. మన వాళ్ళు ఆశ వదులుకోవడాన్ని నీళ్ళొదులుకోవడం అంటారు. ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో నాకు ఆ రోజు కళ్ళకి కనపడింది. శాస్త్రం ఏమంటుందో గాని, అత్తయ్యే స్వయంగా మోకాళ్ళ లోతు నీళ్ళల్లోకి దిగి, నాగమణి పేరున దోసిలితో పాలూ నీళ్ళూ వదిలింది. పక్కన బాబాయి ఆవిడ మోచెయ్యి పట్టుకుని నిలబడ్డాడు. అలల హోరులో ఆవిడ బాబాయితో ఏదో అంది. బాబాయి అక్కడే, ఆ నీళ్ళల్లోనే, మోకాళ్ళ మీద కూలబడ్డాడు. ఏమందో ఒడ్డున ఉన్న మాకు వినపడలేదు. ఇంటికొచ్చాక అత్తయ్య పెట్టెలోంచి ఆ ఏటి గొలుసు తీసి నా మెళ్ళో వేసి, "పెట్టుకోవే, నల్లబడేలోపు" అంది.

తర్వాత మేము ఆ సీరియలు పెట్టలేదు. ఎవరూ వద్దనలేదు, ఎవరూ పెట్టలేదు, అంతే. అత్తయ్య కొక్కేలు అల్లుతూనే ఉండేది గాని మాటలు తగ్గిపోయాయి. కూనిరాగాలు పూర్తిగా పోయాయి. ఈదురుగాలి లేచినా కొంగు ముడివేయడం మానేసింది. ఎంతో విసుక్కున్న అమ్మే ఒక తుఫాను పూట నన్ను తీసుకెళ్ళి ఆవిడ పక్కన పడుకోబెట్టింది, అయినా వేయలేదు. నేను ఇంటర్ చదువుతుండగా పెద్ద జబ్బేమీ లేకుండానే పోయింది. నాన్న ఎప్పుడూ "నిజం చెప్పడమే మంచిదయింది, లేకపోతే ఊళ్ళు పట్టుకు తిరిగేది" అనేవాడు. నేనూ చాలా కాలం అలాగే అనుకున్నాను. పాఠాలు చెప్పేదాన్ని కదా, తప్పు అర్థం చెబితే దిద్దాలనే చేతి దురద నాది. ఇప్పుడు ఏ దేశపు సీరియలైనా ఫోన్లోనే వస్తుంది, కింద తెలుగు అక్షరాలు పడతాయి, ఎవరూ ఎవర్నీ ఏమంటున్నాడని అడగక్కర్లేదు. మా ఇంట్లో మా పిల్లలు ఎవరి గదిలో వాళ్ళు సరిగ్గా అర్థం చేసుకుంటున్నారు. టీవీ పక్కన పీట వేసుకుని, మన మొహం చూసి దానికి తగ్గట్టు తప్పు అర్థం చెప్పే మనిషి ఇంక ఏ ఇంట్లోనూ ఉండడు. నాకు అది తలుచుకుంటే దిగులేస్తుంది.

గుడివాడలో ఆ రోజు ఫోన్లో వెతగ్గా వెతగ్గా దొరికింది. ఎవరో పుణ్యాత్ముడు పాత సీరియలంతా వరసగా పెట్టాడు. బాబాయి నల్లద్దాలు తీసేసి ఫోను మొహానికి దగ్గరగా పెట్టుకున్నాడు. ఆయన అడిగింది ఆ ఒక్క భాగమే. బండ, తల్లి చంకలో పిల్ల, ఇనప పెట్టెలు. ఇప్పుడు చూస్తే విమానం అట్టముక్కతో చేసిందని తెలిసిపోతోంది, కట్టిన దారం కూడా కనపడుతోంది.

"ఆ అరిచింది ఏందే? నిజంగా అడుగుతన్నా. నాకు ఆనాడూ అర్థం కాలేదు."

"కల్ ఫిర్ ఆయేంగే అన్నాడు బాబాయ్. రేపు మళ్ళీ వస్తాం అని."

బాబాయి ఫోను ఒళ్ళోకి దించుకున్నాడు. తర్వాత తనంతట తనే చెప్పాడు. "హంసలదీవిలో అక్క ఏమందో తెలుసా? 'కరకట్ట కాడ అడిగొచ్చిన రోజే నీ మొహం చూసి తెలుసుకున్నాన్రా కొండలూ. నువ్వు నోటితో చెప్పలేదుగా, చెప్పిందాకా నా పిల్ల నాదే అని అట్టిపెట్టుకున్నా' అంది. సంచి సర్దుకోవడం కూడా అంతేనంట. దారి మధ్యలో ఎక్కడో దిగి ఎనక్కి వచ్చేద్దామనే అనుకుందంట. నేనేమో నిజం చెప్పే మొనగాణ్ణయ్యాను."

నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను. ఫోను ఆపడం మర్చిపోయాం. దానంతటదే తర్వాతి భాగం మొదలయింది. అదే సముద్రం, అదే బండ, అప్పుడే తెల్లవారుతోంది. సన్నగా ఊఁ అనే శబ్దం. బాజ్ మబ్బుల్లోంచి దిగి వచ్చి నిలబడింది. ఈసారి తాళ్ళ నిచ్చెన జారింది. మొట్టమొదట తల్లి తన చంకలో పిల్లని పైకి అందించింది, లోపలి నుంచి రెండు చేతులు వచ్చి దాన్ని అందుకున్నాయి.

బాబాయి ఫోను మీదికి వంగిపోయాడు. ఆపరేషనైన కన్ను తడవకూడదని డాక్టరు చెప్పాడని లోపలి నుంచి మా చెల్లెలు కేకేస్తోంది.

"ఇదెప్పుడొచ్చిందే?"

"తర్వాతి ఆదివారం బాబాయ్. మనం హంసలదీవిలో ఉన్న పొద్దున."

"ఒక్క వారం" అన్నాడు బాబాయి. "ఒక్క వారం నోరు మూసుకుని ఉంటే అక్క ఇది చూసుండేది గదే."